నది ఒడ్డున రెండు రోజులు: హడావుడి లేని వారాంతపు విహారానికి ఏర్పాట్లు

కొన్నేళ్ల కిందట ఒక శనివారం సాయంత్రం నేను ఒక నది ఒడ్డున, జనమంతా వెళ్లిపోయిన రేవు దగ్గర, కారులో కూర్చుని ఉన్నాను. మేము గది తీసుకున్న ఊరు సరిగ్గా ఎదురుగానే ఉంది. మధ్యలో ఉన్నది మహా అయితే 300 మీటర్ల నీరు. అవతలి ఒడ్డున దీపాలు ఒక్కొక్కటిగా వెలుగుతున్నాయి, పిల్లల్ని భోజనానికి పిలుస్తున్న గొంతులు కూడా స్పష్టంగా వినిపిస్తున్నాయి. కానీ ఆఖరి బల్లకట్టు అరగంట ముందే వెళ్లిపోయింది, వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేసరికి గంట దాటింది. ఆ రోజు మేము వేసుకున్న పట్టికలో నాలుగు ఊళ్లు, రెండు కొండలు, ఒక జలపాతం ఉన్నాయి. అన్నింటినీ చూశాం గాని, నదిని మాత్రం కారు అద్దంలోంచే చూశాం.

ఆ తరువాత నుంచి ఏ నదీతీరానికి వెళ్లినా, నదినంతటినీ చూడాలన్న ఆశ వదులుకుని, దానిలో ఒక్క వంపును ఎంచుకుని, రెండు రోజులూ ఆ వంపు దగ్గరే ఉండిపోవడం అలవాటు చేసుకున్నాను. మిగతా ఏర్పాట్లన్నీ ఆ ఎంపిక మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి, దానిని ఎలా చేసుకోవాలో, ఆ తరువాత ఏమేమి కనుక్కోవాలో ఇక్కడ వివరిస్తాను.

ముందు గంటల లెక్క చూసుకోవాలి. శనివారం ఉదయం 6 గంటలకు ఇంట్లోంచి బయలుదేరి ఆదివారం రాత్రి 8 గంటలకు తిరిగి వస్తే మన చేతిలో ఉన్నవి 38 గంటలు. అందులో నిద్రకు 8 గంటలు, స్నానాలకు, భోజనాలకు, సామాను సర్దుకోవడానికి మరో 6 గంటలు తీసేస్తే 24 మిగులుతాయి. రానూపోనూ చెరి 5 గంటల ప్రయాణమైతే నది దగ్గర గడిపేది 14 గంటలు మాత్రమే. చెరి రెండున్నర గంటలైతే 19. అందువల్ల రెండు రోజుల విహారానికి మూడు గంటలకు మించిన దూరం పెట్టుకోకపోవడమే మంచిది. ఫోన్‌లోని మ్యాపు చూపించే సమయానికి పల్లె దారుల్లో నాలుగో వంతు కలుపుకోవాలని నా అనుభవం, ఎందుకంటే ఇరుకు వంతెన దగ్గర ఎదురు వాహనం కోసం ఆగడం, మందల వెనక నెమ్మదిగా సాగడం మ్యాపు లెక్కలోకి రావు. శుక్రవారం రాత్రే బయలుదేరితే ఒక పూట కలిసి వస్తుందనుకుంటాం గాని, తెలియని ఊళ్లో అర్ధరాత్రి దిగి, తాళం చెవి కోసం ఎవరినో నిద్రలేపి, నది ఎటువైపు ఉందో కూడా తెలియకుండా పడుకోవడం కంటే శనివారం తెల్లవారుజామున బయలుదేరడమే నాకు నచ్చుతుంది.

ఏ వంపు దగ్గర ఆగాలి

నది పుట్టినచోటి నుంచి సముద్రంలో కలిసేదాకా ఒకే తీరుగా ఉండదు. ఎగువన లోయ ఇరుకుగా, నీరు చల్లగా, ప్రవాహం బండలను ఒరుసుకుంటూ ఉంటుంది. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది గాని, ఒడ్డు వెంట తీరిగ్గా నడవడానికి చదునైన బాట దొరకడం కష్టం. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ నది వెడల్పై, పోటుపాట్లకు లోబడి, గట్టు పొడవునా బురద తేలుతుంది. అక్కడ చాలా తీరాల్లో ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు గడుస్తాయి కనుక, పోటును నమ్ముకుని నడిచే పడవల వేళలు రోజుకు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతాయి. విశ్రాంతి కోసమే వెళ్లేవారికి ఈ రెండింటి నడుమ, మైదానంలో లేదా తక్కువ ఎత్తు కొండల మధ్య నది మెలికలు తిరిగే భాగం అన్నింటికంటే అనుకూలం.

ఆ మెలికలను మ్యాపులోనే కొలిచి చూసుకోవచ్చు. రెండు ఊళ్ల మధ్య నది వెంట ఎంత దూరముందో కొలిచి, దానిని అవే ఊళ్ల మధ్య నేరుగా గీసిన గీత పొడవుతో భాగిస్తే వచ్చే సంఖ్య 1.5 దాటితే, భూస్వరూపాలను చదివేవారు దానిని మెలికల నదిగా లెక్కిస్తారు. ఒక పూర్తి మెలిక, అంటే కుడికి తిరిగిన వంపూ ఎడమకు తిరిగిన వంపూ కలిపి, సాధారణంగా నది వెడల్పుకు 10 నుంచి 14 రెట్ల దూరంలో పూర్తవుతుంది. 100 మీటర్ల వెడల్పున్న నదిలో అది నేరుగా కొలిస్తే ఒకటిన్నర కిలోమీటరు కూడా ఉండదు. గట్టు వెంట తిరిగి నడిచినా ఒక పూటలో ముగిసే దారి. అందుకే మరీ పెద్ద నదుల కంటే నూరు మీటర్ల అటూ ఇటూ వెడల్పున్న మధ్యరకం నదులను నేను ఎంచుకుంటాను. కిలోమీటరు వెడల్పున్న నది దగ్గర అవతలి ఒడ్డు ఒక గీతలా కనిపిస్తుందే తప్ప, అక్కడ బట్టలు ఉతికేవారు గాని, నీళ్లు తాగడానికి దిగిన పశువులు గాని కంటికి ఆనరు.

వంపు దగ్గరే ఆగమనడానికి మరో కారణముంది. అక్కడ ఒకే చోట రెండు రకాల ఒడ్డులు ఎదురెదురుగా ఉంటాయి. వంపు బయటి వైపున నీరు వేగంగా వచ్చి గట్టును కోస్తుంది కాబట్టి అక్కడ గట్టు నిటారుగా, నీరు లోతుగా ఉంటుంది. లోపలి వైపున వేగం తగ్గి ఇసుక మేట వేస్తుంది. లకుముకి పిట్టలు ఆ నిటారు మట్టిగట్టులోనే బొరియ తొలుచుకుని గుడ్లు పెడతాయి కనుక, ఎదుటి ఇసుక తిన్నె మీద కూర్చుంటే వాటి రాకపోకలన్నీ కనిపిస్తాయి. బస ఇసుక వైపున ఉండేలా, నిటారు గట్టు కళ్లెదుట ఉండేలా చూసుకోగలిగితే కూర్చున్నచోటి నుంచే సగం విహారం జరిగిపోతుంది.

పేరున్న నదీ ప్రాంతాలకు వెళ్లేటప్పుడు ఈ ఎంపిక మరీ అవసరం. ఫ్రాన్స్‌లోని లువార్ లోయలో యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన భాగమే సుమారు 280 కిలోమీటర్ల పొడవుంటుంది. ఆస్ట్రియాలో డాన్యూబ్ నది మెల్క్, క్రెమ్స్ పట్టణాల మధ్య పారే వఖావ్ లోయ అంతకంటే ఎంతో చిన్నది, సుమారు 35 కిలోమీటర్లే. అయినా ప్రతి ఊళ్లోనూ ఆగాలనుకున్నవారికి అదీ రెండు రోజుల్లో తెమలదు. పేరును చూసి లోయనంతటినీ మొక్కుబడిలా పూర్తి చేయాలనుకోకుండా, అందులో ఒకటి రెండు ఊళ్లు, వాటి మధ్య నడిచే బాట, ఒక రేవు ఉన్న చిన్న ముక్కను తీసుకోవాలి.

వంతెనలు, రేవులు, రైలు పట్టాలు

వంపు కుదిరాక మ్యాపులో మొదట వెతకవలసింది వంతెనను. జర్మనీలో మైన్ట్స్, కోబ్లెన్ట్స్ నగరాల మధ్య రైన్ నది మీద ఒక్క వంతెన కూడా లేదు. అక్కడ ఒడ్డు మారాలంటే బల్లకట్టు ఎక్కవలసిందే. ఇంత పెద్ద ఎత్తున కాకపోయినా, ప్రతి పల్లె నదిలోనూ ఇలాంటి వంతెన లేని భాగాలు ఉంటాయి. కాబట్టి చూడాలనుకున్నవన్నీ బస ఉన్న ఒడ్డునే ఉండేలా చూసుకుని, అవతలి ఒడ్డును పడవ మీద ఒకసారి వెళ్లి వచ్చేదిగా మాత్రమే పెట్టుకోవాలి. బల్లకట్టు మొదటి వేళ, ఆఖరి వేళ, ఆదివారం వేళలు వేరుగా ఉన్నాయేమో, నీరు పెరిగినా గాలి ఎక్కువైనా మంచు కమ్మినా ఆపేస్తారేమో ముందే అడిగి రాసుకోవాలి. నేను అడగనిది ఆ ఒక్క ఆఖరి వేళే.

రెండోది చప్పుడు. లోయ అడుగున వాలు తక్కువగా ఉంటుంది కనుక రైలు మార్గాలు వేసినవారూ రహదారులు వేసినవారూ నదుల పక్కదారే పట్టారు. ఇందాక చెప్పిన రైన్ లోయలో రెండు ఒడ్డుల వెంటా పట్టాలున్నాయి. ఫోటోల్లో కనిపించని గూడ్సు బండి రాత్రి 2 గంటలకు మంచం కిందినుంచి వెళ్లినట్టు వినిపిస్తుంది. మ్యాపులో బసకూ పట్టాలకూ మధ్య దూరాన్ని, ఆ మధ్యలో కొండ అడ్డుందో లేదో ఒకసారి చూసుకుంటే ఆ బాధ తప్పుతుంది.

బసను ఎంచుకోవడం

నది ఉత్తర దక్షిణాలుగా పారుతున్నచోట పడమటి గట్టున దిగితే సూర్యోదయం నీటి మీద కనిపిస్తుంది, తూర్పు గట్టున దిగితే సూర్యాస్తమయం నీటి మీద కనిపిస్తుంది. పొద్దున్నే లేచే అలవాటున్నవారికి పడమటి గట్టు, లేనివారికి తూర్పు గట్టు అని సులువుగా గుర్తు పెట్టుకోవచ్చు. అయితే లోతైన లోయల్లో కొండలు అడ్డొస్తాయి కాబట్టి గట్టు మీద ఎండ పడేసరికి సూర్యోదయమై చాలాసేపు గడిచిపోతుంది, సాయంత్రం కూడా నీడ ముందే కమ్ముకుంటుంది. చలి నెలల్లో అలాంటి చోట ఆరుబయట కూర్చోవడానికి రోజుకు మూడు నాలుగు గంటలకు మించి దొరకకపోవచ్చు.

బసకు ఫోన్ చేసి మాట్లాడడం తప్పనిసరి అంటాను. నది కనిపించే గది అన్న మాటకు ఎన్ని అర్థాలున్నాయో ఫోన్‌లోనే తెలుస్తుంది. ఒకసారి నేను గదిలోంచి నది కనిపిస్తుందా అని అడిగితే, కనిపిస్తుందండీ అని వెంటనే జవాబొచ్చింది. మంచం మీద కూర్చుంటే కనిపిస్తుందా అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత, మేడెక్కితే బాగా కనిపిస్తుందండీ అన్నారు. ఆ కిటికీ దగ్గర నిలబడి ఈ నెలలో తీసిన ఫోటో ఒకటి పంపమని అడగడంలో మొహమాటం అక్కరలేదు, ఎందుకంటే చెట్లు ఆకు రాల్చిన కాలంలో కనిపించే నది, ఆకు దట్టంగా ఉన్న కాలంలో పూర్తిగా దాగిపోవచ్చు. గది నుంచి నీటి దాకా ఎన్ని మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, మెట్ల మీద నాచు పడుతుందా అన్నవి పెద్దవారిని, చిన్నపిల్లలను తీసుకువెళ్లేవారు అడగవలసిన ప్రశ్నలు. ఆ రెండు రోజుల్లో అదే బసలో పెళ్లి విడిది గాని, పెద్ద బృందం గాని దిగుతోందా అన్నది అందరూ అడగవలసిన ప్రశ్న. రాత్రి భోజనం ఎన్ని గంటలకు ఆపేస్తారో, ముందుగా చెబితే తప్ప వండరేమో కూడా అప్పుడే తెలుసుకోవాలి. పల్లెల్లో వంటిల్లు నగరంలోలా రాత్రి 11 దాకా తెరిచి ఉండదు.

నదికి మరీ ఆనుకుని ఉన్న బస కంటే, కాస్త ఎత్తున, నాలుగు నిమిషాలు నడిస్తే నీరు చేరే బసే మేలు. పాత నదీతీర ఊళ్లలో వరద ఏ ఏట ఎంత ఎత్తు వచ్చిందో గోడల మీద గీత గీసి, సంవత్సరం చెక్కి ఉంచడం చాలా దేశాల్లో కనిపిస్తుంది. ఆ గీతలు మీ తల కంటే ఎత్తులో ఉంటే ఆ ఊరి సంగతి మీకు అర్థమైనట్టే.

నీటి కాలం తెలుసుకోవడం

మనం వెళ్లే నెలలో ఆ నది ఎలా ఉంటుందన్నది వాతావరణ సూచన ఒక్కదానితో తెలియదు. వాన మీద బతికే నది వానాకాలంలో ఎర్రగా, నిండుగా పారి, ఆ తరువాతి నెలల్లో తేటబడి, ఎండాకాలానికి ఇసుక తిన్నెలుగా మిగులుతుంది. మంచు కరిగి పారే నది సరిగ్గా దీనికి ఎదురు. ఎండ ముదిరేకొద్దీ పొంగుతుంది. హిమానీనదాల కింద పుట్టిన వాగుల్లో ఈ తేడా ఒకే రోజులోనూ కనిపిస్తుంది, పగటి ఎండకు కరిగిన నీరు మధ్యాహ్నం తరువాత చేరుతుంది కాబట్టి ఉదయం మోకాలి కిందికి ఉన్న వాగు సాయంత్రానికి దాటరానిదవుతుంది. నా మటుకు నాకు వానలు వెనకబట్టి, నీరు తేటబడి, ఇంకా ధారగా పారుతున్న వారాలే అన్నింటికంటే ఇష్టం. తిన్నెలు తేలి ఉంటాయి, పడవకు చాలినంత నీరూ ఉంటుంది.

ఎగువన ఆనకట్ట గాని జలవిద్యుత్ కేంద్రం గాని ఉందేమో తప్పకుండా కనుక్కోవాలి. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా గేట్లు ఎత్తితే దిగువన కొద్దిసేపట్లోనే నీరు పెరుగుతుంది. సైరను మోగిస్తారా, ఏ వేళల్లో నీరు వదులుతారు అన్నవి రేవులో పడవ నడిపేవారిని అడిగితే చెబుతారు. నీరు హఠాత్తుగా మట్టిరంగుకు మారడం, ఆకులు పుల్లలు గుంపుగా కొట్టుకురావడం, హోరు పెరగడం, ఇందాక పొడిగా ఉన్న రాయి తడవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ప్రశ్నలు వేసుకోకుండా పైకి వచ్చేయాలి.

శనివారం

చేరగానే చేయవలసిన పని ఒక్కటే ఉంది. సామాను గదిలో పడేసి, నీటి అంచు దాకా నడిచి వెళ్లి, సరిగ్గా నీరు ఆగినచోట ఒక పుల్ల గుచ్చి రండి. సాయంత్రం వెళ్లి చూస్తే పుల్ల నీళ్లలో ఉందో, పొడి ఇసుకలో ఉందో తెలుస్తుంది. నది పెరుగుతోందా తగ్గుతోందా అన్నది అంతకంటే తేలికగా తెలుసుకునే దారి లేదు. పిల్లలు వెంట ఉంటే రెండు రోజులూ గంటకోసారి వెళ్లి చూసి వచ్చి చెప్పడమే వారికి ఒక ఉద్యోగమవుతుంది, మీరు వెంట నడవవలసి వచ్చినా సరే.

మధ్యాహ్నాన్ని ఖాళీగా వదిలేయాలి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు నది మీద మెరుపు తప్ప రంగు కనిపించదు, పిట్టలూ నీడ పట్టుకుంటాయి. నిద్రకు ఇంతకంటే మంచి సాకు దొరకదు. సాయంత్రం రెండు గంటల నడక చాలు. దూరాన్ని అంచనా వేయడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది: చదునులో గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా మరో గంట. అది ఆగకుండా నడిచేవారి లెక్క. చూసుకుంటూ, కూర్చుంటూ నడిచేవారు గంటకు 3 కిలోమీటర్లే అనుకోవాలి. వెళ్లేటప్పుడు ఎగువకు నడిస్తే, తిరిగి వచ్చేటప్పుడు ప్రవాహం మీతోపాటే వస్తుంది. నడకలో దీనివల్ల అలుపేమీ తగ్గదు గాని, తేలివచ్చే ఆకుతో పోటీపడి నడవడం సరదాగా ఉంటుంది.

పొద్దు వాలాక గాలి నిలిచిపోతే, నీటిని ఆనుకున్న గాలి చల్లబడి, దాని పైన గాలి వెచ్చగా ఉండిపోతుంది. అప్పుడు శబ్దం పైకి పోకుండా నీటి మీదికే వంగి చాలా దూరం ప్రయాణిస్తుంది. ఆ రోజు అవతలి ఒడ్డున భోజనాల పిలుపులు నాకు అంత స్పష్టంగా వినిపించడానికి కారణం ఇదే. మన మాటలు కూడా అవతలికి అలాగే వినిపిస్తాయి కాబట్టి, ఇసుకలో స్పీకరు పెట్టి పాటలు వేసేవారు ఒక ఒడ్డును కాదు, రెండు ఒడ్డులనూ బాధపెడుతున్నట్టు లెక్క. చల్లగాలి బరువుగా ఉండి లోయ అడుగుకు దిగుతుంది కనుక పైన ఊళ్లో కంటే గట్టున చలి ఎక్కువ. పగలు ఎంత ఎండ కాసినా ఒక వెచ్చటి చొక్కా దగ్గర ఉండాలి. సంధ్యవేళ దోమలు లేస్తాయి, ముఖ్యంగా నిలవ నీటి పాయల దగ్గర. పొడుగు చేతులు, పొడుగు పంట్లాము, ఒంటికి రాసుకునే దోమల మందు, ఈ మూడింటితో సరిపోతుంది.

ఆదివారం

రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకపోతే, తెల్లవారేసరికి లోయలో మంచు పడే అవకాశం బాగా ఉంటుంది. సూర్యోదయానికి అరగంట ముందే గట్టుకు చేరుకుని ఒకేచోట కదలకుండా 20 నిమిషాలు కూర్చోండి. మొదట ఏమీ కనిపించదు. తరువాత ఎక్కడో తెడ్డు నీళ్లలో పడిన చప్పుడు వినిపిస్తుంది, కాసేపటికి పడవ ముక్కు ఒక్కటే తెల్లదనంలోంచి బయటికి వస్తుంది, దాని వెనక మనిషి, చివరికి పడవంతా. ఎండ తగిలేకొద్దీ మంచు పొరలుగా లేచి విడిపోతుంది. ఈ 20 నిమిషాల కోసం నేను మిగతా రెండు రోజుల్లో దేన్నయినా వదులుకుంటాను. బైనాక్యులర్స్ ఉంటే 8 రెట్లు పెద్దది చేసి చూపేవి చాలు. అంతకంటే ఎక్కువైతే చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది.

పడవ విహారాన్ని ఉదయం, మంచు విడిపోయిన తరువాత పెట్టుకోవాలి, ఎందుకంటే చాలా లోయల్లో మధ్యాహ్నం తరువాత గాలి పెరుగుతుంది. రెండు రోజుల నది ప్రయాణం ఇప్పటి ఆలోచన కాదు. 18వ శతాబ్దం చివర్లో బ్రిటన్‌లోని వై నది మీద విహారయాత్రికులు రాస్ పట్టణంలో పడవ ఎక్కి, రాత్రికి మన్మత్‌లో ఆగి, రెండో రోజు చెప్‌స్టో చేరేవారు. చిత్రాలు గీసుకోవడానికీ రాసుకోవడానికీ పడవలో బల్ల కూడా ఉండేదట. వారు ప్రవాహంతోపాటు దిగువకు పోయి అక్కడే దిగిపోయేవారు. మనం బయలుదేరిన చోటికే తిరిగి రావాలి కనుక, సొంతంగా తెడ్డు వేసే చిన్న పడవ తీసుకుంటే ముందు ఎగువకు వెళ్లి, అలసిపోయాక ప్రవాహంతో తేలుతూ వెనక్కి రావాలి. దిగువకు మాత్రమే పోయే విహారమైతే అక్కడి నుంచి వెనక్కి చేర్చే వాహనం పడవ రుసుములో కలిసి ఉందో లేదో ముందే తేల్చుకోవాలి. ప్రవాహపు తీవ్రతను అంతర్జాతీయంగా 1 నుంచి 6 తరగతులుగా చెబుతారు. విశ్రాంతికి వెళ్లినవారికి ఒకటో తరగతి దాటవలసిన అవసరం లేదు.

నీళ్లలోకి దిగేముందు

పల్లె నదుల్లో ప్రమాదాలు ఎక్కువగా నది భయంకరంగా కనిపించినచోట జరగవు, నెమ్మదిగా కనిపించినచోటే జరుగుతాయి. ఇసుక తిన్నె అంచు మోకాలి లోతు దాకా మెల్లగా దిగి, ఆ తరువాత ఒక్క అడుగులో నిలువు లోతైపోవచ్చు; ఇసుక తవ్విన గుంటలున్నచోట ఇది మరీ ఎక్కువ. స్థానికులు ఎక్కడ స్నానం చేస్తున్నారో చూసి అక్కడే దిగండి, వారు దిగని చోటు ఎంత అందంగా ఉన్నా దిగవద్దు. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవారిని పడదోయగలదు, 30 సెంటీమీటర్లుంటే చిన్న కారును ఈడ్చుకుపోగలదు కాబట్టి, నీరు పారుతున్న కాజ్‌వే మీద బండి నడపడం ఎవరు భరోసా ఇచ్చినా చేయకూడని పని. నీటి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే తక్కువైతే ఒక్కసారిగా దూకినప్పుడు ఊపిరి అదుపు తప్పుతుంది. మొదటి నిమిషం గండం గడిచేదాకా ఈదడానికి ప్రయత్నించకుండా తేలుతూ ఉండాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకే దూకడం కాదు, కర్రో తాడో తేలే డబ్బానో అందించాలి. పడవలో లైఫ్ జాకెట్టు తొడుక్కోవాలి, పక్కన పెట్టుకుని కూర్చుంటే లాభం లేదు. పిల్లలు చేతికందే దూరం దాటకూడదు. మందు తాగినవారు గట్టునే ఉండాలి.

ఉరుము వినిపిస్తే నీళ్లలోంచి, ఇసుక తిన్నె మీంచి బయటికి వచ్చి, ఆఖరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగాలి. తిన్నెల మీద, లంకల్లో రాత్రి గుడారం వేయకండి. నీరు ఎంత తేటగా ఉన్నా అలాగే తాగవద్దు. మరో దారి లేకపోతే తెర్ల కాగిన తరువాత ఒక నిమిషం, 2,000 మీటర్ల ఎత్తు దాటిన చోట మూడు నిమిషాలు మరిగించి తాగాలి. కాలికి పుండో కోతో ఉంటే, ముఖ్యంగా వరద తీసిన కొత్తలో, నీళ్లలోకి దిగకపోవడమే మేలు, ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల వచ్చే జ్వరం అలాంటి కోతల గుండానే ఒంట్లోకి చేరుతుంది.

సామాను గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. తడిసినా పరవాలేని, జారని పాత బూట్లు ఒక జత, పొడి బట్టలు ఇంకో జత, తలకు పెట్టుకునే టార్చి, ఫోన్ తడవకుండా ఉంచే సంచి, సిగ్నల్ లేకపోయినా తెరుచుకునేలా ముందే దించుకున్న మ్యాపు, చేతిలో కొంత నగదు ఉంటే చాలు. నీటి మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు ఉంటే లోతు తక్కువ చోట చేపలు స్పష్టంగా కనిపిస్తాయి.

ఆదివారం మధ్యాహ్న భోజనం తరువాత కొత్త కార్యక్రమం ఏదీ పెట్టుకోకుండా, వెలుతురు ఉండగానే పల్లె దారి దాటి పెద్ద రోడ్డెక్కేలా 3 గంటలకల్లా బయలుదేరాలి. ఆ ముందు గట్టుకు ఒకసారి వెళ్లి, మీరు గుచ్చిన పుల్ల ఎక్కడుందో చూసి, ఇంకా ఉంటే పీకేయండి. తడి బూట్లను, పడవలో వాడిన సామానును ఆ నీళ్లతోనే శుభ్రంగా కడిగి, బురద దులిపి, వేరే సంచిలో వేసుకోండి. ఇంటికి చేరాక వాటిని పూర్తిగా ఆరబెట్టకుండా వచ్చే వారం మరో నదికి తీసుకువెళ్లవద్దు, ఎందుకంటే బూటు అడుగున అంటిన మట్టిలో ఒక నది కలుపు గింజలు, కంటికి కనిపించని పురుగుల గుడ్లు ఇంకో నదికి చేరి అక్కడ పాతుకుపోతాయి.